మెట్ గాలా

మెట్ గాలా అనునది అమెరికాలోని న్యూయార్క్ నగరంలో గల మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో జరిగే విందు వేడుక. ఈ మ్యూజియంను క్లుప్తంగా 'మెట్' అంటారు. సాధారణంగా ప్రతి సంవత్సరం మే నెల మొదటి సోమవారం నాడు, మ్యూజియంలోని దుస్తుల విభాగమైన కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్‌కు నిధులు సమకూర్చుటకై దీనిని నిర్వహిస్తారు. సినీతారలు, గాయకులు, క్రీడాకారులు, ధనవంతులు ఆ సంవత్సరపు ఇతివృత్తానికి తగిన దుస్తులు ధరించి మ్యూజియం మెట్లు ఎక్కుతారు. లోపల జరిగే విందు ఛాయాచిత్రాలు బయటి ప్రపంచానికి అంతగా అందవు. కనుక ఈ వేడుక గురించి లోకం మాట్లాడుకొనేదంతా ఆ మెట్ల మీద కనిపించిన గౌనుల గురించే.

చరిత్ర

1937లో మ్యూజియం ఆఫ్ కాస్ట్యూమ్ ఆర్ట్ పేరుతో మొదలైన సంస్థ 1946లో మెట్‌లో విలీనమైనది. రెండేళ్ళ తరువాత, 1948లో, ఫ్యాషన్ రంగ ప్రచారకర్త ఎలినార్ లాంబర్ట్ మొదటి విందును ఏర్పాటు చేసింది. అప్పటి టికెట్టు ధర 50 డాలర్లు. 1972లో వోగ్ పత్రిక పూర్వ సంపాదకురాలు డయానా వ్రీలాండ్ సలహాదారుగా చేరిన పిదప ఏటేటా ఒక ఇతివృత్తం, దానికి తగిన ప్రదర్శన అనే పద్ధతి స్థిరపడింది. 1995 నుండి ఆనా వింటోర్ చేతిమీదుగా ఇది సినీతారల వేడుకగా మారినది. 2020లో కోవిడ్ కారణంగా రద్దయినది. 2025లో ఒక టికెట్టు ధర 75,000 డాలర్లు, ఆ ఏడాది వసూలైన నిధి సుమారు 3 కోట్ల 10 లక్షల డాలర్లు. మ్యూజియంలో తన ఖర్చును తానే సంపాదించుకోవలసిన విభాగం ఇదే కావడం వలన ఈ ఆడంబరానికి ఒక అవసరం కూడా ఉన్నది.

గౌను

తెలుగునాట గౌను అనగానే చిన్నపిల్లల దుస్తు స్ఫురిస్తుంది. ఇక్కడ గౌను అనగా విందులకు స్త్రీలు ధరించే, పాదాల వరకు దిగే నిండు దుస్తు. ఒక వ్యక్తి కొలతలకే కత్తిరించి కుట్టుతారు. దీని మంచిచెడులను ఎంచేవారు మూడు విషయాలు చూస్తారు: ఇతివృత్తానికి పొసగినదా, పనితనం నిలిచినదా, ధరించినవారు దానిని మోయగలిగినారా. మూడవది పరిహాసం కాదు. 2015లో గాయని రిహానా ధరించిన పసుపుపచ్చని దుస్తు బరువు సుమారు 25 కిలోలు. చైనా కళాకారిణి గువో పే దానిని అంతకు కొన్నేళ్ళ ముందే తయారుచేసింది. వెనుక పరచుకొన్న దాని అంచును కోడిగుడ్డు అట్టుతో పోల్చి నవ్వినవారున్నారు. అయితే ఆ సంవత్సరపు ఇతివృత్తం చైనా కాగా, చైనా కళాకారిణి పనిని ఎంచుకొన్న అతిథులు మిక్కిలి తక్కువ. ఆ కొలబద్దతో చూచిన ఈ వేడుక చరిత్రలోని ఉత్తమ దుస్తులలో దానికి స్థానం ఉన్నది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ 2022 నాటిది. 1962లో అధ్యక్షుడు కెన్నెడీ పుట్టినరోజు వేడుకలో మార్లిన్ మన్రో ధరించిన అసలు గౌనును కిమ్ కర్దాషియాన్ మెట్లపై కొద్దిసేపు ధరించి, తరువాత నకలులోనికి మారింది. పాత వస్త్రాలను భద్రపరిచే నిపుణులు దీనిని తీవ్రంగా ఆక్షేపించారు. వస్త్రాలను కాపాడే విభాగం కొరకు జరిగే వేడుకలోనే చారిత్రక వస్త్రం ప్రమాదానికి గురికావడం విడ్డూరమే.

భారతీయ దుస్తులు, తెలుగువారు

2021 సెప్టెంబరు 13న జరిగిన వేడుకకు హైదరాబాదుకు చెందిన సుధారెడ్డి హాజరైనది. ఇతివృత్తం అమెరికా ఫ్యాషన్ కావడంతో ఫాల్గుణి-షేన్ పీకాక్ జంట అమెరికా జెండా స్ఫూర్తితో ఆమెకు గౌను తయారుచేశారు. దాని చేతిపనికి 250 గంటలకు పైగా పట్టిందని ప్రకటించారు. 2024 మే 6న ఆమె మరల వచ్చినప్పుడు తరుణ్ తహిలియానీ చేసిన దంతవర్ణపు పట్టు గౌను ధరించింది. ఈసారి లెక్క 80 మంది పనివారు, 4,500 గంటలు. ఆ ఏటి దుస్తుల నియమం 'కాలోద్యానం'. మొదటి గౌను ఇతివృత్తాన్ని అక్షరాలా అనుసరించగా, పూలు పొదిగిన రెండవది పనితనం వలన ఆకట్టుకొన్నది. రెండింటిలో రెండవదే మేలు.

అదే రాత్రి అలియా భట్ సబ్యసాచి ముఖర్జీ రూపొందించిన లేత పచ్చ చీరలో కనిపించింది. దానికి వెనుక 23 అడుగులు జీరాడే కొంగు ఉన్నది. మామూలు చీర మొత్తం పొడవే సుమారు 18 అడుగులు. ఈషా అంబానీ ధరించిన రాహుల్ మిశ్రా చీరగౌనుకు 10,000 గంటలు పట్టినవని చెప్పారు. 2022లో నటాషా పూనావాలా సబ్యసాచి బంగారు చీరపై ఫ్రెంచి సంస్థ స్కియాపరెల్లి లోహపు కంచుకం ధరించింది. రెండు దేశాల పని ఒకే దేహంపై పొసగిన తీరు వలన భారతీయ దుస్తులలో దానిని అగ్రస్థానంలో ఉంచవచ్చును.

గంటల లెక్క

ఈ గంటల సంఖ్యలు సంస్థలు ఇచ్చినవి. వాటిని చదివే పద్ధతి తెలియాలి. అలియా చీరకు 163 మంది, 1,965 గంటలని ప్రకటించారు. భాగిస్తే ఒక్కొక్కరికి వచ్చేది 12 గంటలు, అనగా ఒకటిన్నర రోజు. సుధారెడ్డి రెండవ గౌనుకు ఒక్కొక్కరికి 56 గంటలు, రోజుకు 8 గంటల చొప్పున ఏడు రోజులు. ఈషా గౌనును ఒక్కరే చేసి ఉంటే 1,250 రోజులు, సుమారు మూడున్నర సంవత్సరాలు పట్టేది. గంటలు ఎక్కువైనంత మాత్రాన దుస్తు ఉత్తమమైనదని చెప్పలేము. మనుషుల సంఖ్య చెప్పిన ప్రకటనలలో వారి పేర్లు సాధారణంగా కనిపించవు, కూలి ఎంతో అసలే కనిపించదు. రూపకర్త పేరు, ధరించినవారి పేరు మాత్రమే శీర్షికలకు ఎక్కుతాయి.

నేత, కుట్టుపని

పైన పేర్కొన్న భారతీయ దుస్తులలో ముఖ్యంగా కనిపించేది జర్దోసీ వంటి సూదిపని. వస్త్రం సిద్ధమైన తరువాత దానిపై తీగ, పూస, దారం కుట్టేది సూదిపని. మగ్గం మీది పని వేరు. కర్నూలు జిల్లానే తీసుకొంటే ఈ భేదం సులభంగా తెలుస్తుంది. ఓర్వకల్లు వంటి మెట్ట మండలాలున్న ఈ జిల్లాలోని కోడుమూరులో గద్వాల రకం చీరలు నేస్తారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించాడు. గద్వాల చీర నడిమి భాగం నూలు, అంచు, కొంగు పట్టు. ఆ రెండింటినీ కుట్టకుండా మగ్గం మీదనే పోగుతో పోగు పెనవేస్తారు. ఈ పనిని కుప్పడం అంటారు. కష్టమంతా ఆ కలయికలోనే ఉన్నది, అయితే పది అడుగుల దూరంలో ఉన్న కెమెరాకు అది కనబడదు. సూదిపని ఉబ్బెత్తుగా ఉండి దీపకాంతికి మెరుస్తుంది. ఛాయాచిత్రమే తీర్పు చెప్పే ఇటువంటి వేడుకలలో నేత కంటె సూదిపనికి ప్రాముఖ్యం రావడానికి ఇది ఒక కారణం.

నేతపని ఆ మెట్ల మీదికి మరొక రూపంలో చేరింది. 2023 వేడుకలో అతిథులు నడచిన తివాచీని కేరళలోని అలప్పుళ జిల్లాకు చెందిన నెయ్‌త్ సంస్థ నార పోగులతో నేసి పంపినది. దానిపై రంగులు అమెరికాలో వేశారు. సంస్థ పేరు మలయాళంలో నేత అను అర్థమిచ్చే మాట నుండి వచ్చినది.