నొప్పికి ప్యాకప్!

హీరో ఒక్క గుద్దు గుద్దగానే పదిమంది గాల్లోకి లేచి దభాలున కింద పడతారు. థియేటర్లో ఒకటే ఈలలు! ఆ పదిమందిలో ఎవరికో మర్నాడు మంచం దిగాలంటే నడుం సహకరించదు. అయినా ఓ మాత్ర వేసుకుని కృష్ణానగర్ నుంచి షూటింగ్‌కి బయల్దేరతాడు. వెళ్లకపోతే ఆ రోజు కూలీ లేదు మరి. బరువైన లైట్లు మోసే లైట్‌మేన్‌కి భుజం, ఒకే స్టెప్పుని ఇరవైసార్లు వేసే డ్యాన్సర్‌కి మోకాలు... ఫిల్మ్‌నగర్‌లో ఒక్కో పనికీ ఒక్కో నొప్పి.

హీరోలకీ తప్పదు. 'జాను' కోసం 2019 జూన్‌లో థాయ్‌లాండ్‌లో స్కైడైవింగ్ నేర్చుకుంటూ గాయపడిన శర్వానంద్‌కి హైదరాబాద్‌లో భుజానికి ఆపరేషన్ చేశారు. 2021 సెప్టెంబరు 10న కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు మీంచి పడ్డ సాయిధరమ్ తేజ్ జూబ్లీహిల్స్ అపోలోలో నెలకు పైగా ఉన్నాడు. అతడి 'విరూపాక్ష' తెరమీదకు వచ్చింది 2023 ఏప్రిల్లో!

కుట్లు విప్పాక మొదలయ్యే అసలు పని ఫిజియోథెరపీది. మూడు నెలలు దాటినా తగ్గనిదాన్ని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. చాలాసార్లు గాయం మానిపోయినా నాడులు మాత్రం మెదడుకి ప్రమాద సంకేతాలు పంపుతూనే ఉంటాయి... దొంగ వెళ్లిపోయినా కుక్క మొరుగుతున్నట్టు. భయపడి కదలకుండా కూర్చుంటే కీళ్లు బిగుసుకుంటాయి, కండరాల బలం తగ్గుతుంది. దాంతో కాస్త కదిపినా ప్రాణం పోయినట్టుంటుంది.

అందుకే ఫిజియోథెరపిస్టు ముందు ప్రశ్నలే వేస్తారు. ఏ పని చేస్తే ఎక్కువవుతోంది, నిద్ర పడుతోందా, దేనికి భయపడుతున్నారు... ఆ తర్వాతే కదలిక. పట్టేసిన భుజమైతే ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడంతో మొదలు. తర్వాత వేళ్లను గోడమీద పైకి పాకించాలి. ఎంతవరకూ అందిందో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే వారం వారం తేడా కళ్లకే కనిపిస్తుంది. చివర్లో రబ్బరు బ్యాండుతో బలం పెంచుతారు. చేసేటప్పుడు కాస్త నొప్పి మామూలే. మర్నాటికీ తగ్గలేదంటే మోతాదు తగ్గించాలి.

నడుం నొప్పికి బెల్టు కట్టుకుని తిరిగేవాళ్లు ఎంతమందో! దీర్ఘకాలిక నడుం నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామానికి ఓటేసింది. బెల్టులూ, ట్రాక్షనూ ఎక్కువమందికి అక్కర్లేదంది. మెషీన్ పెట్టించుకుని పడుకోవడం సుఖంగానే ఉంటుంది కానీ, కండరానికి బలం దానంతటదే రాదుగా. అలాగని అన్నిటికీ వ్యాయామమే మందు అనుకోవద్దు. కాలు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

హీరో కోసం షెడ్యూలు వాయిదా పడుతుంది. ఫైటర్‌కి నెల విశ్రాంతి అంటే నెల అద్దె ఎగిరిపోయినట్టే. అందుకే అతడికి పూర్తిగా మానేయమని కాకుండా, ఏం చేయొచ్చో చెప్పాలి. ఎత్తు నుంచి దూకడాలు కొన్నాళ్లు పక్కన పెట్టి, నేలమీది ఫైట్లు చేసుకుంటూ, షాట్‌కీ షాట్‌కీ మధ్య కుర్చీలో కూలబడకుండా నాలుగడుగులు వేయడం లాంటివన్నమాట. పెయిన్‌కిల్లర్లని నెలల తరబడి మింగితే కిడ్నీలకు ముప్పని కూడా అక్కడే చెబుతారు. గోడా, తువ్వాలూ అద్దె గదిలోనూ ఉంటాయి. రోజూ ఆ ఇరవై నిమిషాలు దొరకబుచ్చుకోవడమే కష్టం... పొద్దున ఆరింటికల్లా లొకేషన్లో ఉండాలి కదా!