రహదారి - ఆగ్రహం - సహనం

మనిషి నిజస్వభావం తెలియాలంటే అతనితో కలిసి ప్రయాణం చేయాలని పెద్దలంటారు. కాలినడకన, ఎడ్లబండ్లపైన, పడవలపైన ప్రయాణాలు సాగిన రోజులలో పుట్టిన మాట ఇది. మోటారు వాహనాల ఈ కాలంలో ఆ మాట మరింత సత్యమైనది. ఇంట మృదుభాషి, కళాశాలలో వినయశీలి, సభలో మితభాషి అయిన వ్యక్తి వాహనమెక్కి తాళం త్రిప్పగానే మరొకడై పోవడం మనం నిత్యమూ చూస్తున్నాము. ముందు వాహనం క్షణకాలం ఆలస్యం చేసినంతనే అతని నోట కన్న తల్లిదండ్రులు వినరాని మాటలు వెలువడతాయి. ఈ మార్పునకు కారణమేమి? దాని ఫలితమెట్టిది? దానిని నిగ్రహించుకొనే ఉపాయమేమి? ఈ మూడు ప్రశ్నలను విద్యార్థుల ముందుంచి, తెలిసినంతలో సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ అవలక్షణానికి 'రోడ్ రేజ్' అనే పేరు 1980ల చివర అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. మనం దీనిని రహదారి ఆగ్రహమనవచ్చు. అదేపనిగా హారన్ మోగించడం, ముందు వాహనాన్ని తాకునంత దగ్గరగా వెంబడించడం, దాటిపోయి అడ్డంగా నిలపడం, దూషించడం, చివరకు చేయి చేసుకోవడం, ఇవన్నీ దాని రూపాలే. మొదటి రూపానికీ చివరి రూపానికీ నడుమ దూరం మనమనుకొన్నంత ఎక్కువ కాదు.

మన కోనసీమలో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత కలదు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ గల ఈ లంకసీమకు ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన పిమ్మట కాలువలు ప్రాణాధారమైనాయి. ఆ కాలువల గట్లే కాలక్రమాన బాటలైనవి, బాటలే తారురోడ్లైనవి. ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క వరిచేనో కొబ్బరితోటో, నడుమ రోడ్డు. గట్టు వెడల్పును నిర్ణయించినది ఆనాటి నీటి అవసరం. నేటి వాహనాల సంఖ్య కాదు. ఆ ఇరుకు దారిపైనే బడిపిల్లల సైకిళ్లు, అంబాజీపేట వైపు సాగే కొబ్బరికాయల లారీలు, గడ్డి ట్రాక్టర్లు, ఆటోలు, ఆర్టీసీ బస్సులు నడవాలి. కోతల రోజులలో ధాన్యం ఆరబోయడం వలన ఉన్న రోడ్డులోనూ కొంత తగ్గుతుంది. రెండు పెద్ద వాహనాలు ఎదురైతే ఒకటి ఆగితేనే మరొకటి సాగుతుంది. కనుక ఇక్కడ సహనం సుగుణం మాత్రమే కాదు. రాకపోకలు సాగడానికి అదే ఆధారం.

ఇక కారణాలను విచారిద్దాము. మొదటిది, ముఖం కనబడకపోవడం. నడచిపోయేటప్పుడు ఒకరి భుజం మరొకరికి తగిలితే ఇద్దరూ ఒకరి ముఖమొకరు చూసుకొని చిరునవ్వుతో తప్పుకొంటారు. వాహనంలో ఉన్నప్పుడు ఎదుటి మనిషి కనబడడు. ఒక ఇనుప పెట్టె, ఒక నంబరు పలక కనబడతాయి. 'క్షమించండి' అని చెప్పడానికి హారనుకు భాష లేదు. అది తెలిపే సంగతి ఏదైనా గద్దింపువలెనే వినబడుతుంది.

రెండవది, మన తీర్పులోని పక్షపాతం. మనం తొందరపడితే దానికి పరీక్ష, రైలు, జబ్బు వంటి కారణాలు చెప్పుకొంటాము. ఎదుటివాడు తొందరపడితే అది అతని పొగరని నిశ్చయిస్తాము. మన తప్పునకు పరిస్థితిని, ఇతరుల తప్పునకు స్వభావాన్ని బాధ్యత చేస్తాము. పరుల చేతలకు పరిస్థితులను విస్మరించి స్వభావాన్నే కారణంగా ఎంచే ఈ పొరపాటుకు 1977లో లీ రాస్ అనే అమెరికన్ మనోవిజ్ఞానవేత్త శాస్త్రీయమైన పేరు పెట్టాడు. పేరు క్రొత్తదైనా రోగం పాతదే.

మూడవది, శరీరధర్మం. కోపం రాగానే ఎడ్రినలిన్ అనే స్రావం రక్తంలో చేరుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకొంటాయి. చూపు కోపకారణమైన వస్తువుపైననే నిలిచి, ప్రక్కనుండి వచ్చే సైకిలును, రోడ్డు దాటే పిల్లవానిని గమనించదు. శత్రువుతో పోరాడడానికో, ప్రమాదం నుండి పారిపోవడానికో ప్రకృతి చేసిన ఏర్పాటిది. స్టీరింగు పట్టుకొని కూర్చున్న మనిషికి దీనివలన మేలుకన్న కీడే ఎక్కువ.

ఈ విషయాలు నేను గ్రంథాల వలన మాత్రమే తెలుసుకోలేదు. కొన్నేండ్ల క్రిందట ఒక ఉదయం కొత్తపేట ప్రాంతంలోని ఒక కాలువ గట్టుపై మోటారుసైకిలుపై కళాశాలకు వెళ్తున్నాను. అప్పటికే ఆలస్యమైనది. ముందు ఒక వృద్ధుడు సైకిలు వెనుక పెద్ద పచ్చగడ్డి మోపు కట్టుకొని రోడ్డు నడుమ పోతున్నాడు. హారన్ మోగించాను, తప్పుకోలేదు. మరల మరల మోగించాను. వెనుదిరిగి చూడనైనా లేదు. 'ఎంత నిర్లక్ష్యం! కావాలనే చేస్తున్నాడు' అని మనసులో తీర్పు చెప్పేసుకొన్నాను. సందు దొరకగానే అతని ప్రక్కనుండి దూసుకొనిపోతూ గట్టిగా ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ వ్రాయదగినది కాదు. నా బండి మోపును ఒరుసుకొన్నది. వెనుకకు చూచేసరికి సైకిలు గట్టు వాలులో, మనిషి కాలువ అంచున ఉన్నారు.

బండి ఆపి పరుగెత్తాను. అదృష్టవశాత్తు అతనికి మోచేయి గీచుకొనడం తప్ప మరే దెబ్బా తగలలేదు. చేయి అందించి పైకి తెచ్చాను. అతడు నన్ను నిందించలేదు. "ఎనకాల బండొత్తందని తెలవలేదండి బాబూ. రెండు చెవులూ పనిజేయవండి. తవరికేమీ తగల్లేదు గదండి?" అన్నాడు. నా హారన్ అతనికి వినబడనే లేదు! నేను నిర్లక్ష్యమనుకొన్నది చెవిటితనం. నేను పొగరని నిశ్చయించిన మనిషి, పడిలేచిన పిదప నా క్షేమమడిగాడు. ఇద్దరమూ కలిసి మోపు తిరిగి కట్టాము. ఆనాడు తరగతికి మరింత ఆలస్యంగా చేరాను. చెప్పిన పాఠం నాకిప్పుడు జ్ఞాపకం లేదు. గట్టుమీద నేర్చిన పాఠం మరువలేదు. ఆ గట్టు మరొక రెండడుగులు ఇరుకైనదై ఉంటే ఈ వ్యాసం వ్రాసే అర్హత నాకుండేది కాదు.

ఆగ్రహం వలన లాభమెంత అని లెక్క వేయవచ్చు. ముప్పది కిలోమీటర్ల దారిని గంటకు 40 కిలోమీటర్ల సగటు వేగంతో పోతే 45 నిమిషాలు, 50 కిలోమీటర్ల సగటున పోతే 36 నిమిషాలు పడుతుంది. దారి పొడవునా ఎవరూ అడ్డు రాకపోతేనే దక్కే లాభం తొమ్మిది నిమిషాలు. మన కాలువ గట్లపై అదీ దక్కదు. నష్టమో, భౌతికశాస్త్రం చెబుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో వాహనం సెకనుకు 11 మీటర్లు పోతుంది. 60లో సుమారు 17 మీటర్లు. ప్రమాదం కనబడి కాలు బ్రేకుమీద పడేలోపల ఈ దూరం గడచిపోతుంది. ఆపైన బ్రేకు పట్టి నిలిచే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆ దూరం రెండుంబావు రెట్లవుతుంది. 2022వ సంవత్సరంలో మనదేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుతున్నది. మృతులలో అత్యధికులు మితిమీరిన వేగం వలననే అసువులు బాశారు.

చట్టం సంగతి కూడ విద్యార్థులు తెలుసుకోవాలి. రహదారి ఆగ్రహమనే పేరుతో మనదేశంలో ప్రత్యేక నేరం లేదు. అయితే దాని ప్రతి రూపానికీ శిక్ష కలదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం ప్రమాదకరంగా వాహనం నడిపితే మొదటి తప్పునకే ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు, లేదా వేయి నుండి అయిదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం, అనవసరంగా హారన్ మోగించడం కూడ అదే చట్టం క్రింద నేరాలే. నిర్లక్ష్యం వలన మనిషి ప్రాణం పోతే, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం అయిదేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఒక్క క్షణపు ఆగ్రహం ఎంతకాలం వెంటాడుతుందో తెలిపే ఉదంతమొకటి దేశమంతటికీ తెలుసు. 1988 డిసెంబరు 27న పంజాబులోని పటియాలా పట్టణంలో దారి విషయమై జరిగిన కలహంలో 65 ఏండ్ల వృద్ధుడొకడు దెబ్బ తిని మరణించాడు. నిందితుడు నాటి క్రికెట్ క్రీడాకారుడు నవజోత్ సింగ్ సిద్ధు. 1999లో క్రింది కోర్టు కేసు కొట్టివేసింది; 2006లో హైకోర్టు మూడేండ్ల శిక్ష విధించింది; 2018లో సుప్రీంకోర్టు దానిని గాయపరచిన నేరం క్రింద వేయి రూపాయల జరిమానాకు తగ్గించింది; 2022 మే 19న అదే న్యాయస్థానం పునర్విచారణలో ఏడాది కఠిన కారాగారశిక్ష విధించింది. ఆయన ఆ శిక్ష అనుభవించి 2023 ఏప్రిల్‌లో విడుదలైనాడు. కలహం కొన్ని నిమిషాలది. దాని నీడ ముప్పది నాలుగేండ్లది. పేరు ప్రతిష్ఠలు గలవాని గతే ఇట్లుండగా, రేపో మాపో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవలసిన మన విద్యార్థి సంగతి చెప్పనేల?

కోపం వస్తే వెళ్లగక్కితేనే పోతుందని కొందరు వాదిస్తారు. ఇది అపోహ. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు కోపం తెప్పించబడిన విద్యార్థులలో కొందరిచేత, కోపం తెప్పించినవానిని తలచుకొంటూ ఇసుకసంచి వంటి దానిని గుద్దించాడు. వారి కోపం తగ్గకపోగా, ఏమీ చేయక ఊరకున్నవారికన్న ఎక్కువైనట్లు తేలింది. అగ్నిలో నెయ్యి పోస్తే చల్లారదు గదా!

మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. కోపం మోహానికి, మోహం స్మృతి నాశనానికి, అది బుద్ధి నాశనానికి దారి తీస్తుందని భగవద్గీత బోధిస్తున్నది. సుమతీ శతకకారుడు కోపాన్ని మనలోనే ఉన్న శత్రువుగా ఎంచాడు. దైవప్రవక్త ముహమ్మద్ (స) కుస్తీలో ఇతరులను పడగొట్టేవానికన్న ఆగ్రహవేళ తన్ను తాను నిగ్రహించుకొనేవాడే బలవంతుడని ఉపదేశించారు. కోపం వచ్చినవాడు నిలబడి ఉంటే కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని సూచించారు. అంతేకాదు, దారికి కూడ హక్కులున్నవని చెప్పి, పరులకు బాధ కలిగించకపోవడాన్ని, సలాముకు బదులివ్వడాన్ని ఆ హక్కులలో చేర్చారు. దారిలోని అడ్డును తొలగించడం దానధర్మాలతో సమానమన్నారు. ముల్లును, రాయిని తొలగించడం దానమైతే, మనమే అడ్డుగా నిలవకపోవడం అందులో మొదటి మెట్టు. 'సబ్ర్' అనే మాటకు చేతగాక ఊరకుండడమని అర్థం కాదు. చేయగలిగి ఉండి కూడ తన్ను తాను పట్టి ఉంచుకోవడమని అర్థం. అది బలహీనుని లక్షణం కాదు, బలవంతుని సాధన.

సాధన అన్నాము గనుక ఆచరణకు తగిన కొన్ని నియమాలు చెప్పుకొందాము. మొదటిది, పది నిమిషాలు ముందు బయలుదేరడం. దారిమీది కోపంలో చాలా భాగం ఇంటి వద్ద చేసిన ఆలస్యం నుండి పుట్టినదే. రెండవది, ముందు వాహనానికి తగినంత దూరం పాటించడం; దూరమున్నచోట బ్రేకుకూ బుద్ధికీ వ్యవధి దొరుకుతుంది. మూడవది, ఎవరైనా తప్పు చేస్తే, అతనికి మనకు తెలియని కారణమొకటి ఉండవచ్చునని తలచడం. అతనికి నిజంగా కారణమున్నా లేకున్నా, ఈ తలంపు మన చేతిని స్థిమితంగా ఉంచుతుంది. నాల్గవది, ఎదుటివాడు కయ్యానికి కాలు దువ్వితే చూపు కలపక, బదులు చెప్పక, వేగం తగ్గించి అతనిని ముందుకు పోనివ్వడం. వెంబడిస్తే జనసంచారమున్న చోటనో, పోలీసు స్టేషను వద్దనో ఆగాలి గాని ఒంటరి దారిలో ఆగరాదు. అయిదవది, తప్పు మనదైతే చేయెత్తి ఒప్పుకోవడం. హారనుకు లేని భాష ఆ ఎత్తిన చేతికి ఉన్నది. ఇక మనసు మరీ కలత చెందిన నాడు బండిని ప్రక్కకు ఆపి, దిగి, మంచినీళ్లు త్రాగి, నిదానించిన పిదపనే బయలుదేరాలి.

ఇవి కోనసీమవాసులకు క్రొత్త విద్యలు కావు. వంతెనలు లేని రోజులలో మన పెద్దలు రేవులలో గంటల తరబడి నిరీక్షించేవారు. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పోవడానికి పంటు కొరకు వాహనాలు బారులు తీరడం మన తరమూ ఎరిగినదే. అక్కడ ఎవరు ఎంత హారన్ మోగించినా వసిష్ఠ గోదావరి వెడల్పు జానెడైనా తగ్గదు. ఆ సంగతి ఎరిగిన ప్రయాణికుడు బండి దిగి, ప్రక్కవానిని పలకరించి, టీ త్రాగి, ఊరూ పేరూ తెలుసుకొనేవాడు. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాలమీద తరలివచ్చేటప్పుడు దారిపొడవునా వాహనాలు ఆగుతాయి. ఎంత తొందర గలవాడైనా ఆనాడు విసుగుకొనడు. అనగా ఆగడం మనకు చేతకానిది కాదు. గౌరవమున్న చోట ఆగుతున్నాము. లేని చోట ఆగలేకున్నాము. ప్రభకు ఇచ్చే గౌరవంలో కొంత భాగం గడ్డిమోపు సైకిలుకు కూడ ఇవ్వగలిగితే చాలును.

ప్రియ విద్యార్థులారా! మీలో అనేకులు ఈ ఏడో మరుసటి ఏడో వాహనం నడిపే అనుమతిపత్రం పొందుతారు. అధికారులు మీ చూపును, గుర్తుల పరిజ్ఞానాన్ని, చేతివాటాన్ని పరీక్షిస్తారు. మీ ఓర్పును పరీక్షించే కార్యాలయమేదీ లేదు. ఆ పరీక్ష ప్రతిదినమూ కాలువ గట్టుమీదనే జరుగుతుంది. దానికి ప్రశ్నపత్రం ముందుగా తెలియదు, మరల వ్రాసే అవకాశమూ ఉండదు. మీ ముందు పోయే వాహనంలో ఒక మనిషి ఉన్నాడని, అతనికి మీ హారన్ వినబడకపోవచ్చునని ఒక్కమాట జ్ఞాపకముంచుకొంటే ఆ పరీక్షలో మీరు తప్పక ఉత్తీర్ణులవుతారు. ఇంటివద్ద మీకొరకు ఎదురుచూచే వారికి తొమ్మిది నిమిషాల ఆలస్యం పెద్ద విషయం కాదు. మీరు క్షేమంగా తిరిగి రావడమే కావాలి.