సత్యభామ అలిగిందనుకున్నాను!

తారల ఇంటర్వ్యూ కోసం గంటల తరబడి పడిగాపులు కాయడం నాకు కొత్తేమీ కాదు. మేకప్ రూము తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎదురుచూసీ చూసీ అలవాటైపోయింది. కానీ నా ఇంట్లోనే, నా మంచం కిందే మకాం పెట్టిన ఒక 'తార' దర్శనం కోసం తొమ్మిది రోజులు నేలమీద కూర్చోవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు!

ఆ తార ఎవరనుకుంటున్నారు? పిల్లి! తెల్లటి ఒంటిమీద నల్లమచ్చలు, రెండేళ్ళ వయసు. నాకంటే ముందు రెండిళ్ళవాళ్ళు పెంచుకుంటామని తీసుకెళ్ళి, "మనుషులతో కలవడం లేదండీ" అంటూ తిప్పి పంపేశారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. దీన్ని మాత్రం మనుషులే తిప్పుతున్నారు! జాలేసి, కృష్ణానగర్‌లోని నా రెండు గదుల ఇంటికి తెచ్చుకున్నాను.

ప్రారంభోత్సవం అదిరింది. నలుగురు మిత్రులు వచ్చారు. బుట్ట మూత తియ్యగానే చప్పట్లు, ఫోటోలు! పిల్లి ఒక్క ఉదుటున మంచం కిందికి దూరింది. ఎంత బతిమాలినా రాదే!

"అలిగిందిరోయ్! అచ్చం సత్యభామే!" అన్నాడు ఒకడు. 'శ్రీకృష్ణ తులాభారం'లో జమునగారి అలక చూసినవాళ్ళకి ఇంకో పేరు తోస్తుందా? ఆ పేరే ఖాయమైంది.

అక్కడితో ఆగితే బాగుండేది. చెయ్యిపెట్టి బయటికి లాగబోయాను. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్న సామెత ఊరికే పుట్టలేదు. మోచేతి దాకా గీరేసింది! సబ్బుతో కడుక్కుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. టీకాలు వేసిన పిల్లే అయినా ఆ విషయంలో బద్ధకం పనికిరాదు.

మర్నాడు సాయంత్రానికి కూడా అది మెతుకు ముట్టలేదు. ఇక నావల్ల కాదు, తిరిగి ఇచ్చేద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి అమ్మ ఫోను. సంగతంతా విని ఒకే మాట అడిగింది.

"నిన్ను హాస్టల్లో చేర్చిన మొదటి వారం నువ్వేం తిన్నావురా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ వారమంతా దుప్పటి ముసుగులో ఏడ్చాను మరి!

వెంటనే పశువుల డాక్టరుగారికి ఫోను చేశాను. "అది అలక కాదు బాబూ, భయం. కానీ పిల్లి ఒక రోజుకు మించి పస్తుంటే ఊరుకోకూడదు. అలాగే వదిలేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. ఈ రాత్రికి తినకపోతే పొద్దున్నే తీసుకురండి" అన్నారు. చెయ్యాల్సినవి కూడా చెప్పారు.

ఇల్లంతా ఒకేసారి చూపించకూడదు. ముందు ఒక్క గది చాలు. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, అందులో దాని పాత గుడ్డ. ఆ వాసనే దానికి ధైర్యం. ఒక మూల తిండీ నీళ్ళూ, వాటికి దూరంగా ఇసుక తొట్టి. తిండి మొదట్లో పాత ఇంట్లో పెట్టిందే పెట్టాలి. పాలు వద్దు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు. కిటికీలకి, బాల్కనీకి వల తప్పనిసరి. లిల్లీ పూలు ఇంట్లో ఉండకూడదు, పిల్లికి అవి విషం.

ఉల్లీ మసాలా లేని ఉడికించిన చేపముక్క గోరువెచ్చగా పెట్టి, దీపం ఆర్పి పడుకున్నాను. నిద్ర పడితేగా! రాత్రి రెండు గంటలకి మంచం కింద చిన్న చప్పుడు. నములుతోంది! వందరోజుల పండగ చేసుకున్నంత సంబరం నాకు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. రోజూ సాయంత్రం నేలమీద కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. పిలవను, ముట్టుకోను. అది చూస్తే మాత్రం మెల్లగా కళ్ళు మూసి తెరిచేవాణ్ణి. పిల్లుల భాషలో అది స్నేహహస్తమట! ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో పరిశోధన చేసి మరీ చెప్పారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని వెక్కిరిస్తాం గానీ, ఆ కళ్ళు మూయడంలో ఇంత అర్థముంది!

తొమ్మిదో రాత్రి వ్యాసం రాసుకుంటున్నాను. మోకాలికి ఏదో మెత్తగా తగిలింది. కదల్లేదు. సత్యభామ బుగ్గ రాసి, కాయితాల మీదెక్కి కూర్చుని గురగుర మొదలెట్టింది. 'గాడ్‌ఫాదర్' (1972)లో మార్లన్ బ్రాండో ఒళ్ళోని పిల్లిని చూశారుగా? స్టూడియోలో తిరుగుతుంటే పట్టుకొచ్చిన ఆ పిల్లి గురగురకి బ్రాండో డైలాగులే వినపడలేదట! ఆ రాత్రి నా వ్యాసం గతీ అంతే.

ఇప్పటికి మూడు నెలలైంది. కుక్కరు కూత పెడితే ఇంకా మంచం కిందికే పరుగు. నేను లాగను. కళ్ళు ఆర్పి, నా పని నేను చూసుకుంటాను. కాసేపటికి అదే వస్తుంది.

మీరూ పిల్లిని తెచ్చుకోవాలనుకుంటున్నారా? తప్పకుండా తెచ్చుకోండి. కానీ మొదటిరోజే మిత్రబృందాన్ని పిలవకండి. ఆ రాత్రి అమ్మ ఫోను రాకపోయి ఉంటే, సత్యభామకి నాలుగో ఇల్లు వెతకాల్సి వచ్చేది!