పింగాణీ పన్ను – ఎదుటి పన్ను

మానవ శరీరంలోని పదార్థాలన్నింటిలో మిక్కిలి గట్టిది పంటిని కప్పి ఉండే ఎనామిల్ పొర. బరువులో నూటికి 96 వంతులు ఖనిజమే అయిన ఈ పొర ఒకసారి అరిగిపోతే మరల పెరగదు. దానిని నిర్మించే జీవకణాలు పన్ను చిగురును చీల్చుకొని వెలికి వచ్చేనాటికే నశించిపోతాయి. విరిగిన ఎముక అతుకుకొంటుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్‌కు ఆ భాగ్యం లేదు. అందువల్లనే పుచ్చి బలహీనపడిన పంటిని కాపాడటానికి దానిపై తొడుగు వేయవలసి వస్తుంది. వాడుకలో క్యాప్ అనేది దీనినే.

జంతు దంతంతో చేసిన కట్టుడు పళ్ళు రంగు మారి దుర్వాసన కొట్టడంతో విసిగిన డ్యూషాటో అనే ఫ్రెంచి ఔషధ విక్రేత, 1774లో పింగాణీ పళ్ళకై ప్రయత్నించాడు. పింగాణీకి మరక అంటదు, అది నీటిలో నానదు, సహజమైన పంటి ఛాయను చక్కగా అనుకరిస్తుంది. ఈ సుగుణాల వల్లనే అది నేటికీ నిలిచి ఉంది. అయితే నోటిలో అమర్చిన పింగాణీకి ఒక కఠినమైన పరీక్ష ఉన్నది. అదే నమలడం.

సాధారణమైన ఆహారం నమిలేటప్పుడు దంతాలపై పడే బలం సుమారు 70 నుండి 150 న్యూటన్లు, అనగా 7 నుండి 15 కిలోల బరువుతో సమానం. బలమంతా ఉపయోగించి కొరికితే దవడ పళ్ళ మధ్య అది 500 న్యూటన్లను మించవచ్చు. బీహారులో వేయించిన శనగలు నమిలినా, అస్సాంలో వక్క కొరికినా, మన జంతికలు పటపటలాడించినా పళ్ళపై జరిగే పని ఒక్కటే. ఈ ఒరిపిడికి దవడ పళ్ళ ఎనామిల్ ఏటా సుమారు 30 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో నూరింట మూడు వంతులు, సహజంగానే తరిగిపోతుంది. మరి ఎదుట ఉన్నది పింగాణీ అయితే?

గట్టి వస్తువు మెత్తని దానిని అరగదీస్తుందని మనం అనుకొంటాం. అది సగం సత్యమే. మన తిరగలిని చూడండి. రాయి ఎంత గట్టిదైనా, ముఖం నునుపెక్కితే పిండి సరిగా పడదు. అందుకే దానికి మరల గాట్లు కొట్టిస్తారు. అరగదీసేది రాతి కాఠిన్యం ఒక్కటే కాదు, దాని గరుకుదనం కూడా.

పింగాణీ విషయంలోనూ ఇదే సూత్రం. సంప్రదాయ పింగాణీ గాజువంటి పదార్థంలో సన్నని స్ఫటికాలు పొదిగిన మిశ్రమం. కొలిమిలో కాల్చినప్పుడు దానిపై నున్నని మెరుగుపూత ఏర్పడుతుంది. నమిలే ఒరిపిడికి ఆ పలుచని పూత క్రమంగా చెదిరిపోగా, లోపలి స్ఫటికాలు, రంధ్రాలు బయటపడతాయి. ఊడిన రేణువులు ఆహారంతో కలిసి పళ్ళ నడుమ ఇసుకలా ఒరుస్తాయి. నష్టపోయేది ముఖ్యంగా ఎదుటనున్న ఆరోగ్యవంతమైన సహజ దంతం.

జిర్కోనియా అనే నూతన పింగాణీ ఎనామిల్ కంటె మూడు రెట్లకు పైగా గట్టిది. అది ఎదుటి పంటిని నాశనం చేస్తుందని తొలుత చాలామంది భయపడ్డారు. కాని చక్కగా మెరుగుపెట్టిన జిర్కోనియా, సంప్రదాయ పింగాణీ కంటె ఎదుటి ఎనామిల్‌ను తక్కువగానే అరగదీస్తున్నట్లు పరిశోధనలలో తేలింది. సులభంగా చిట్లకపోవడం వల్ల దాని నునుపు చాలాకాలం నిలుస్తుంది.

అరుగుదలతో పాటు అలసట అనే మరొక ప్రమాదమున్నది. పింగాణీలో కంటికి కానరాని బీటలు ఉంటాయి. ప్రతి నమలుతోనూ అవి రవ్వంత సాగుతాయి. లాలాజలంలోని నీరు బీట కొనవద్ద గాజు బంధాలను తెంచి ఆ పనికి తోడ్పడుతుంది. అందుకే ఏళ్ళ తరబడి నిలిచిన తొడుగు ఒకనాడు మామూలు ముద్ద నములుతుండగానే పెచ్చులూడవచ్చు. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారికి ఈ అపాయం అధికం.

కాబట్టి తొడుగు వేయించుకొనేవారు గ్రహించవలసినది ఒకటున్నది. అమర్చిన తరువాత పన్ను ఎత్తుగా తగిలితే వైద్యుడు రంగుకాగితంతో గుర్తుపెట్టి ఆ చోటును అరగదీస్తాడు. అప్పుడు మెరుగు పోయి గరుకుదనం మిగులుతుంది. ఆ చోటును తిరిగి నునుపు చేయడం కొద్ది నిమిషాల పని. అది చేశారా అని అడగడం రోగి హక్కు. పళ్ళు కొరికే అలవాటు ఉంటే ముందుగానే వైద్యునికి చెప్పాలి. రాత్రివేళ ధరించే రక్షక కవచం అటువంటి వారికి మేలు చేస్తుంది. పింగాణీ పెచ్చు ఊడితే మరొకటి చేయించుకోవచ్చు. ఎదుటి పంటిపై అరిగిన ఎనామిల్‌ను మాత్రం శరీరం తిరిగి తయారుచేయలేదు.