వదులు కుంచెతో గీసిన స్త్రీమూర్తి: చూచినదీ, ఊహించినదీ

వర్ణచిత్రాన్ని గురించి తెలుగులో రాయమంటే మన విద్యార్థులు తరచు బొమ్మను వదిలి కథ మొదలుపెడతారు. స్త్రీ చిత్రమైతే మరీను. ఆమె విరహిణి, కాకుంటే రాణి. ముఖం స్పష్టంగా లేనప్పుడు చిత్రకారుడు విడిచిన ఖాళీని మనం మన కథతో నింపేస్తాము.

డచ్చి చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ సుమారు 1628లో గీసిన ఒక యువతి చిత్రం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆమె దుస్తుల మీద కుంచె దెబ్బలను కలపకుండా అలాగే వదిలివేశాడు. దగ్గరకు పోతే తెల్లని చారలు, దూరాన నిలిస్తే గుడ్డ ముడతలు. "జిప్సీ పిల్ల" అన్న పేరు తర్వాతివారు తగిలించినది. ఆమె ఎవరో తెలియదు. అయినా ఆ పేరు విన్నవారికి చిరునవ్వులో కూడా జిప్సీతనమే కనిపిస్తుంది!

మనకు దగ్గరి ఉదాహరణ లేపాక్షి. పావగడ తాలూకా బలసముద్రం నుంచి ఒక్కరోజులో పోయిరావచ్చు. వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలు 16వ శతాబ్దివి. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులను ఎత్తు కుళ్ళాయిలతో చూపిన భాగం ప్రసిద్ధమే. పార్వతీ కల్యాణ దృశ్యంలోని స్త్రీలను కూడా నిలిచి చూడండి. ఇక్కడ గీత వదులు కాదు, నల్లని రేఖ బిగువుగా సాగుతుంది. అయితే గచ్చు రాలి, రంగు మాసి, కొన్ని రూపాలు అసంపూర్ణంగా తోస్తాయి. హాల్స్ కావాలని వదిలాడు. లేపాక్షిలో కాలం తీసుకుపోయింది. ఈ రెంటినీ ఒకటిగా చదివి, చెరిగిన ముఖంలో చిత్రకారుని ధ్వనిని వెదకడం వ్యాఖ్యానం అనిపించుకోదు.

కనుక ముందు కనిపించినది చెప్పాలి: చీర అంచు, దాని మీది అల్లిక, కొప్పు ఒరిగిన తీరు, చెరగు నిలిచిన వైపు. ఈ మాటలకు నిఘంటువు అక్కరలేదు. ఇంట తెలుగు, బడిలో కన్నడం అయిన పావగడ పిల్లలకు రెండు రూపాలూ తెలుసు. మన చీర అక్కడ సీరె, మన చెరగు సెరగు. వ్యాసాల్లో మాత్రం "విషాదఛాయలు" కొల్లలు, చెరగు ఒక్కటీ కనిపించదు. విజయనగర కాలంలో చీర ఎలా కట్టారో తెలిపే గట్టి సాక్ష్యాల్లో ఈ బొమ్మలు ఒకటి. రంగు పోయినకొద్దీ మన వర్ణన కూడా సాక్ష్యమవుతుంది. ఊహ రాయదలచినవారు దానిని వేరే పేరాలో, ఊహ అని చెప్పి రాయండి.