గాటు కుదిరితే చాలదు

చార్మినార్‌కు దగ్గర్లో ఉన్న ఛత్తా బజార్ పెళ్లి శుభలేఖలకు పెట్టింది పేరు. ఒకప్పుడు కాతిబులు (చేతిరాత లేఖకులు) కలంతో దిద్దిన ఉర్దూ అక్షరాలను ఇప్పుడు ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేస్తున్నారు. ఇలాంటి పనికి సరికొత్త కంప్యూటరే అక్కర్లేదు. పాత డెస్క్‌టాప్ చాలు. అయితే 2 జీబీ ర్యామ్ మీద డిజైన్ ఫైలూ బ్రౌజరూ కలిపి తెరిస్తే అది మొరాయిస్తుంది. ర్యామ్ పెంచాలనుకోవడం సబబే. కానీ దుకాణంలో అడుగుపెడుతూనే ‘నాలుగు జీబీ ఇవ్వండి’ అనడంతో పొరపాటు మొదలవుతుంది. ముందు చెప్పాల్సింది మదర్‌బోర్డు మోడల్. ఏ ర్యామ్ పనిచేస్తుందో తేల్చేది అదే.

‘స్లాటులో కూర్చుంటే పనిచేసినట్టే కదా’ అంటారు. ఆ మాట సగమే నిజం. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే ఉన్నా, మొదటిది 1.8 వోల్టులతో, రెండోది 1.5 వోల్టులతో నడుస్తుంది. ఒకదాని చోట ఇంకొకటి పెట్టకుండా కింద ఉండే గాటు స్థానాన్ని మార్చారు. అంటే గాటు తరం తేడాను పట్టిస్తుంది, అంతే. ఒకే తరంలోని తేడాలు దానికి తెలియవు. డీడీఆర్3లో 4 జీబీ ముక్కలు రెండు చేతిలోకి తీసుకుని చూడండి. ఒకదానికి రెండు వైపులా ఎనిమిదేసి చొప్పున పదహారు చిప్పులుంటాయి, స్టిక్కరు మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటుంది. ఇంకోదానికి ఒకవైపే ఎనిమిది చిప్పులు, 1ఆర్ఎక్స్8. రెండోదాంట్లో ఒక్కో చిప్పులో రెట్టింపు డేటా ఇమిడి ఉంటుంది. ఇంటెల్ జీ41 లాంటి పాత చిప్‌సెట్‌కు అంత సాంద్రత చదవడం రాదు. అక్కడ పాతకాలపు పదహారు చిప్పుల ముక్కే నమ్మకమైనది. సర్వర్ల నుంచి ఊడదీసిన రిజిస్టర్డ్ ర్యామ్ ఎంత చవగ్గా వచ్చినా మామూలు డెస్క్‌టాప్‌కు పనికిరాదు. ల్యాప్‌టాప్ స్లాటు కొలతే వేరు. పైగా కొన్ని మోడళ్లు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ తప్ప మరోటి తీసుకోవు.

‘పెట్టి చూస్తే పోలా’ అన్నది మరో వాదన. అసలు ఆన్ కాకపోతే ఇబ్బంది లేదు, వెంటనే తెలిసిపోతుంది. అసలు బెడద, ఆన్ అయి, రెండు రోజులు బాగానే నడిచి, ఫైలు సేవ్ చేసే వేళ ఆగిపోయే ర్యామ్‌తోనే. అందుకే కొత్త ముక్క పెట్టిన రాత్రే మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపి తెల్లారాక ఫలితం చూడటం మంచిది. ర్యామ్ బదులు ఎస్ఎస్‌డీ వేసుకుంటే మేలు కదా అనేవారి మాటలోనూ నిజముంది. టాస్క్ మేనేజర్‌లో పని మధ్యలో కూడా మెమరీ సగం ఖాళీగా కనిపిస్తుంటే డబ్బు ఎస్ఎస్‌డీ మీదే పెట్టాలి. విండోస్ 32 బిట్‌దైతే మాత్రం 4 జీబీ దాటి కొన్నది వృథా, మామూలు విండోస్ అంతకు మించి వాడుకోలేదు. బజారుకు వెళ్లే ముందు సీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో మెయిన్‌బోర్డు పేరు, ఎస్‌పీడీ ట్యాబులోని ర్యామ్ వివరాలు చూసి రాసుకుని, పాత ర్యామ్ ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకోండి. కౌంటరు మీద రెండు స్టిక్కర్లనూ పక్కపక్కన పెట్టి చదివాకే డబ్బు తీయండి.