మందుల అంగడిలో మంచి మాట

బెంగళూరులో ఏ పేటకు వెళ్లినా మందుల అంగడి కనిపిస్తుంది. జలుబు, దగ్గు, తలనొప్పి వస్తే చాలామంది మొదట వెళ్లేది అక్కడికే. ఆస్పత్రికి వెళ్తే వరుసలో నిలబడాలి. కూలివారికి ఆ పూట సంపాదన పోతుంది. అంగడిలో ఆ ఇబ్బంది లేదు. మరి అక్కడ మందు ఇచ్చే వ్యక్తి ఎవరు? ఆయన చేయవలసిన పని ఏది? చేయకూడనిది ఏది?

మందులను గురించి చదివి, ప్రభుత్వ పట్టికలో పేరు నమోదు చేసుకున్న వారిని ఫార్మసిస్టు అంటారు. పూర్వం వైద్యుడే మూలికలు నూరి మందు చేసి ఇచ్చేవాడు. మందుల సంఖ్య పెరిగినకొద్దీ, రోగాన్ని గుర్తించే పని, మందును సరిచూసి ఇచ్చే పని వేరయ్యాయి. మన దేశంలో 1948 నాటి ఫార్మసీ చట్టం ఈ రెండవ పనికి తగిన చదువును, నమోదును విధించింది.

మందు పొట్లం చేతికి ఇవ్వడంతో ఫార్మసిస్టు పని ముగియదు. మందును ఎలా వాడాలో రోగికి చెప్పడం కూడా ఆయన విధి అని 2015 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మాత్ర భోజనానికి ముందా, తరువాతనా? ఎన్ని రోజులు? ఇంతకు ముందు ఏ మందైనా పడలేదా? ఒక అవ్వకు రక్తపోటుకు ఒకటి, చక్కెర వ్యాధికి ఒకటి, రెండు తెల్లని మాత్రలు ఇచ్చారనుకుందాం. వాటిని తారుమారు చేసి, చక్కెర మాత్రనే రెండుసార్లు మింగితే ఆమె కళ్లు తిరిగి పడిపోవచ్చు. పెట్టె మీది ఇంగ్లీషు అక్షరాలు ఆమెను కాపాడలేవు. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ కలిసి వినిపించే ఈ నగరంలో, ఆమె భాషలో చెప్పిన నాలుగు మాటలే ఆమెను కాపాడతాయి.

క్షయవ్యాధినే చూడండి. దానిపై పరిశోధనకు, శిక్షణకు 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. ఈ వ్యాధికి సాధారణంగా ఆరు నెలలు మందు వాడాలి. కొన్ని వారాలకే ఒంట్లో బాగుందని మానితే, క్రిములు మందుకు లొంగకుండా మారవచ్చు. అందుకే క్షయ మందులు కొనేవారి వివరాలను అంగడివారు ఆరోగ్యశాఖకు తెలపాలని 2018లో ప్రభుత్వం ఆదేశించింది.

ఇంగ్లండులో 2024 జనవరి నుండి గొంతునొప్పి వంటి ఏడు జబ్బులకు ఫార్మసిస్టే పరీక్షించి, అవసరమైతే మందు ఇస్తున్నాడు. మన దేశంలో ఆ అధికారం లేదు. యాంటీబయాటిక్ మందులకు వైద్యుని చీటీ ఉండాలి. “డబ్బు ఇస్తున్నాను కదా, చీటీ ఎందుకు?” అని కొందరు కోపగిస్తారు. కాని జలుబును కలిగించే వైరస్ మీద ఆ మందులు పనిచేయవు. అనవసరంగా వాడితే, నిజంగా అవసరమైననాడు అవి పనికిరాకపోవచ్చు. కనుక చీటీ అడిగేవాడు మన మేలు కోరేవాడే.

అంగడిలో ఒక్కొక్కసారి సహాయకుడు మాత్రమే ఉంటాడు. అప్పుడు “ఫార్మసిస్టు ఉన్నారా?” అని అడగాలి. ఆయాసం, ఛాతీనొప్పి, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే అంగడిలో ఆగక వైద్యుని వద్దకు వెళ్లాలి. చదువు రాని పెద్దలు ఇంట్లో ఉంటే, వారితో అంగడికి వెళ్లి, చెప్పిన మాటలను తెలుగులో రాసి మందు పెట్టెకు అంటించండి. మీ చదువు వారికి వెంటనే ఉపయోగపడే చోటు అది.